ఎడమచేతి కత్తెర

మా మామగారి కత్తెరను నేనెవరి చేతికీ ఇచ్చేదాన్ని కాదు. చేయి మారితే పదును పోతుందని మా దర్జీల నమ్మకం. పైగా మా కోడలిది పుర్రచెయ్యి. ఆ చేతిలో మామూలు కత్తెర గుడ్డను కోయదు, నమిలేస్తుంది. అందుకే మూడేళ్లుగా కుట్టుపనే ఇచ్చాను, కత్తిరింపు ఇవ్వలేదు.

మొన్న నా బొటనవేలు వాచి కూర్చుంది. సరిగ్గా అప్పుడే మా చర్చి సంఘంలోని ఒక అమ్మాయి తన పెళ్లిగౌనుకు గుడ్డ తెచ్చింది. చనిపోయిన వాళ్లమ్మ దాచిన తెల్లపట్టు. ఒక్క కోత తప్పితే మళ్లీ దొరకదు. పెళ్లేమో శనివారం.

"వేరే షాపుకి పంపేద్దాం" అన్నాను.

"నేను కత్తిరిస్తానత్తయ్యా."

"ఆ పుర్రచేత్తోనా? ఉన్న పేరు కాస్తా మట్టిలో కలుస్తుంది!"

కోడలు లోపలికెళ్లి ఒక అట్టపెట్టె తెచ్చింది. దాన్నిండా పాత పేపర్లతో కోసిన చేతులు, మెడలు, కాలర్లు. ఒక మెడ తీసి నా నమూనా మీద పెట్టాను. వెంట్రుకవాసి తేడా లేదు. నాకు ఒళ్లు మండింది.

"మరి ఇన్నాళ్లూ చెప్పవేం?"

"మీరు కత్తెర ముట్టుకోనిస్తేగా! ఇవి వంటింటి కత్తెరతో కోశాను. పట్టుకి మాత్రం ఎడమచేతి కత్తెర ఉండాలత్తయ్యా. బజార్లో దొరుకుతుంది, ఖరీదే ఎక్కువ."

ఆదివారమే పాస్టరుగారు యజమాని వాడుకోమని ఇచ్చిన డబ్బును, ఆ తలాంతును, మట్టిలో పూడ్చిన పనివాడి గురించి చెబుతుంటే, పక్కావిడతో కలిసి "ఛీ, ఏం మనిషి!" అన్నాను. వాడు పూడ్చింది తనకిచ్చినదాన్ని. నేను ఇంకొకరికి దేవుడిచ్చినదాన్ని పూడ్చాను. వాడికన్నా నేను నయమా?

పొద్దున్నే మామగారి కత్తెర పట్టుకుని బజారుకు వెళ్లాను.

"అమ్మేస్తారా?" అన్నాడు కొట్టాయన.

"అమ్మను. ఎడమచేతిది ఇవ్వండి, మార్చుకుంటాను."

అబద్ధమెందుకు, ఇచ్చేటప్పుడు గుండె చివుక్కుమంది. వెనక్కి మాత్రం చూడలేదు.

బల్ల మీద పట్టు పరిచి సుద్దతో గీతలు గీశాం.

"భయంగా ఉందత్తయ్యా."

"ప్రార్థన చేసుకున్నాంగా. కానీయ్, గుడ్డ నేను పట్టుకుంటాను."

కత్తెర గీత తప్పలేదు. చివరిదాకా నేను గుడ్డ వదల్లేదు.

శనివారం పెళ్లికూతురు నడిచి వస్తుంటే పక్కావిడ నన్ను మోచేత్తో పొడిచింది.

"ఎంత బాగుందో! నీ చేతి కోతేగా?"

"కాదు, మా కోడలిది" అన్నాను, వెనక వరసకు కూడా వినపడేలా.