చెరి సగం

ఇంట్లో ఉన్నది ఒక్కటే లాప్‌టాప్, దానికోసం కొట్టుకునేవాళ్ళు ఇద్దరు. ముంజిర్ ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. చెల్లెలు రిహాబ్ కంప్యూటర్ సైన్స్ రెండో ఏడు. తండ్రి పోవడానికి ముందు ఏడాది కొన్న లాప్‌టాప్ అది. బ్యాటరీ ఉబ్బిపోతే ముంజిరే ఊడదీసి పారేశాడు. అప్పట్నుంచి గోడకున్న ప్లగ్గులో వైరు ఉన్నంతసేపే దానికి ప్రాణం.

ఆ ఏడు లెబనాన్‌లో ప్రభుత్వ కరెంటు రోజుకి రెండు గంటలు వస్తే గొప్ప. మిగతా అంతా వీధి జనరేటరు వాడి దయ. ట్రిపోలీ రేవుపేట మీనాలో ఆ మూడో అంతస్తు ఇంట్లో అన్నాచెల్లెళ్ళు కరెంటు గంటల్ని కూడా పంచుకునేవారు. మధ్యాహ్నం అన్నకి, సాయంత్రం చెల్లికి.

రిహాబ్‌కి చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ టర్ములో అభ్యాసాలన్నీ లైనక్స్ మీదే చేసి పంపాలన్నారు. కాలేజీ ల్యాబు డీజిలు లేక తాళం వేసి ఉంది. ఇంట్లో లాప్‌టాప్‌లో ఉన్నది విండోస్. ముంజిర్ బొమ్మలు గీసే ప్రోగ్రాము దానిలో తప్ప నడవదు.

"అన్నా, నీ డిస్కులో సగం ఇస్తావా?" అని అడిగింది ఒకరోజు.

"కిడ్నీ అడిగినట్టు అడుగుతున్నావేంటే?"

"విండోస్ నీకలాగే ఉంటుంది. పక్కన కాస్త చోటు చేసి లైనక్స్ వేసుకుంటా. ఆన్ చెయ్యగానే ఏది కావాలో అదే అడుగుతుంది. నీ గదిలోకి నేను రాను, నా గదిలోకి నువ్వు రావు."

"అదేదో మన బాత్రూముకి కూడా పెట్టు, నీ పేరు చెప్పుకుని బతుకుతాం."

కుట్టుమిషను దగ్గర్నుంచి తల్లి నవ్వింది. "ఇల్లు పంచుకోడానికి చాల్లేదు, ఇప్పుడు పెట్టె పంచుకుంటున్నారా?"

ముంజిర్ ఒప్పుకున్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు. "ముందు నా ప్రాజెక్టు కాపీ తీసి పక్కన పెట్టు. ఆ తర్వాత నీ ఇష్టం."

ఆ ప్రాజెక్టు ఎనిమిది నెలల పని. మీనా రేవులో వలలు అల్లుకునేవాళ్ళు ఎండకీ వానకీ గట్టు మీదే కూర్చుంటారు. వాళ్ళకి నీడ, వెనకే పడవల మరమ్మతుకి చావడి, ఇదీ అతను గీస్తున్నది. టేపు పట్టుకుని రేవంతా కొలిచాడు. గాలి ఏ నెలలో ఎటు వీస్తుందో ముసలి జాలర్లని అడిగి రాసుకున్నాడు. వాళ్ళు అతన్ని ఇంజనీరూ అని పిలిచి కాఫీ ఇచ్చేవారు. అప్పగించడానికి ఇంకా ఐదు వారాల గడువుంది.

ఆ బుధవారం జనరేటరు పన్నెండు నుంచి నాలుగు దాకా. ముంజిర్ రేవుకి వెళ్ళాడు. రిహాబ్ పెన్‌డ్రైవ్ పెట్టి, డెస్క్‌టాప్ మీదున్న 'చావడి' అనే ఫోల్డరుని కాపీ చేసింది. కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది. అంత తొందరగా ఎలా అయిందని ఆమెకి అనుమానం రాలేదు. మనసంతా జరగబోయే పని మీద ఉంది. పెన్‌డ్రైవ్ తీసి జేబులో వేసుకుని, లైనక్స్ ఎక్కించడం మొదలుపెట్టింది. విండోస్‌ని ఒక పక్కకి జరిపి చోటు చెయ్యాలి. మధ్యలో ఆపవద్దని తెర మీద హెచ్చరిక వచ్చింది. నాలుగు దాకా కరెంటుంది కదా అనుకుని సరేనంది. నీలం గీత చీమ నడకలా కదిలింది.

అది సగం దాటుతుండగా, రెండూ పదికి, వీధి చివర జనరేటరు ఆగిపోయింది. తెర నల్లబడింది. రిహాబ్ ప్లగ్గు దగ్గరికి పరుగెత్తి వైరు కదిపి చూసింది, ఏదో ఆ వైరుదే తప్పన్నట్టు.

అయిదింటికి కరెంటొచ్చింది. డిస్కు చదవలేకపోతున్నానంది లాప్‌టాప్. ముంజిర్ అప్పుడే ఇంటికొచ్చాడు. రిహాబ్ మొహం చూసి, "ఏమైందే?" అన్నాడు.

"డిస్కు పాడైంది. కానీ నీ ప్రాజెక్టు నా దగ్గరుంది, భయపడకు," అంది జేబు తడుముకుంటూ.

కింది అంతస్తులో హియామ్ పిన్ని వాళ్ళ కంప్యూటరులో పెన్‌డ్రైవ్ పెట్టారు. లోపల ఒకే ఒక్క ఐకాను. దాని మూల చిన్న బాణం గుర్తు.

ముంజిర్ ఆ బాణం మీద వేలు పెట్టాడు. తర్వాత చాలా మెల్లిగా, "ఇది షార్ట్‌కట్ రిహాబ్. అసలుది లోపల వేరే చోటుంది," అన్నాడు.

ఆమె చూసి చూసి కాపీ చేసింది దారి చూపే బాణాన్ని. దారి చివర ఉండాల్సిన ఇల్లు పోయింది.

డిస్కు తీసుకెళ్ళి బజారులో ఒక షాపతనికి ఇచ్చారు. అతను మూడు రోజులు ఉంచుకుని, పేర్లు పోయి నంబర్లు మాత్రమే మిగిలిన కొన్ని వేల ఫైళ్ళు ఇచ్చాడు. పెళ్ళి ఫొటోలు తెరుచుకున్నాయి. పాటలు తెరుచుకున్నాయి. గీసిన బొమ్మ ఒక్కటీ తెరుచుకోలేదు. రిహాబ్ హియామ్ పిన్ని ఇంట్లో నంబరు నంబరూ నొక్కుతూ రెండు వారాలు కూర్చుంది.

ఆ రోజుల్లోనే తల్లి తన ఫోను తెచ్చి రిహాబ్ చేతిలో పెట్టింది. ఆ బుధవారం పన్నెండున్నరకి జనరేటరు వాడు పంపిన సందేశం అందులో ఉంది. డీజిలు తక్కువగా ఉంది, రెండు దాటితే ఆపేస్తాం, అని. "పిండి చేతులతో ఉన్నాను తల్లీ. మోగింది విన్నాను. తర్వాత చూద్దాంలే అనుకున్నాను," అంది. "వాడికి చెప్పకు."

రిహాబ్ చెప్పలేదు.

ప్రొఫెసరు మూడు వారాలు గడువు పెంచాడు. ముంజిర్ ఒక స్నేహితుడింటికి పోయి మళ్ళీ గీయడం మొదలుపెట్టి, పదకొండో రోజున మానేశాడు. "ప్రతి గీతా ఇదివరకే గీశాను కదా అనిపిస్తోందమ్మా. చెయ్యి కదలట్లేదు," అన్నాడు తల్లితో. అప్పటికి కుట్టుపనీ తగ్గిపోయింది, ఇల్లు గడవడం కష్టంగా ఉంది. ఒక్క టర్మే, మళ్ళీ చేరతానని చెప్పి ముంజిర్ ఆ జనరేటరు వాడి దగ్గరే వైర్లు లాగే పనికి కుదిరాడు.

అతను ఒక్క మాట కూడా అనలేదు. అదే రిహాబ్ తట్టుకోలేకపోయింది. ఒక సాయంత్రం మేడ మీద అతను వైరు చుట్టుకుంటుంటే ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఒక్కసారి తిట్టన్నా. కొట్టినా పడతా."

"తిడితే నీకు తేలికవుతుంది," అన్నాడు అతను, చుట్టడం ఆపకుండా. "నాకేమవుతుంది?"

 కిందికి దిగి వచ్చేసింది.

కొన్నాళ్ళకి అతనే అడిగాడు, లైనక్స్ ఎందుకు వేసుకోలేదని. "డిస్కు ఎలాగూ ఖాళీ అయింది. అంతా నువ్వే వాడుకో."

ఆమె ఒప్పుకోలేదు. గీత గీసినట్టు సరిగ్గా చెరి సగం చేసింది. ఒక సగంలో తన లైనక్స్, రెండో సగంలో విండోస్, అందులో అతని ప్రోగ్రాము, 'చావడి' అని ఒక ఖాళీ ఫోల్డరు. లాప్‌టాప్ తెరిచిన ప్రతిసారీ తెర మీద రెండు పేర్లూ వచ్చేవి. ఏది కావాలో తేల్చుకోడానికి పది సెకన్లు ఇచ్చేది. ముంజిర్ మళ్ళీ చేరతానన్న టర్ము పోయింది, దాని తర్వాతదీ పోయింది. రేవులో జాలర్లు మొదట్లో "మా చావడి ఏమైంది ఇంజనీరూ?" అని అరిచేవారు. అతను నిచ్చెన మీంచే నవ్వేవాడు. తర్వాత వాళ్ళూ అడగడం మానేశారు. మూడేళ్ళలో అతను తన సగాన్ని ఒక్కసారీ తెరవలేదు. రిహాబ్ అప్పుడప్పుడు లోపలికెళ్ళి చూసేది. ఫోల్డరు ఖాళీగానే ఉండేది.

ఆమె చదువు పూర్తయింది. ఇంటి నుంచే పని చేసుకునే ఉద్యోగం దొరికింది. కంపెనీ వాళ్ళు కొత్త లాప్‌టాప్ పంపారు. ఆ రోజు శుక్రవారం, ముంజిర్ ఇంట్లోనే ఉన్నాడు. వైర్లకి చుట్టే టేపు జిగురుకి నల్లబడ్డ వేళ్ళని నిమ్మచెక్కతో రుద్దుకుంటున్నాడు.

"పాతది నువ్వు తీసుకో అన్నా. నీ సగం అలాగే ఉంది," అంది.

అతను ఆమె వంక చూశాడు. మూడేళ్ళలో మొదటిసారి ఆ సంగతి తనే ఎత్తాడు. "నీకొకటి చెప్పాలి. ఆ ప్రాజెక్టు ఎలాగూ నిలిచేది కాదే. మధ్యలో ఒకసారి చూపించినప్పుడే ప్రొఫెసరు అన్నారు, పైకప్పు తప్పని. నువ్వు ముట్టుకోకపోయినా నేను తప్పేవాణ్ణే."

"నిజంగానా?"

"వల్లా, దేవుడి మీద ఒట్టు. నీకు చెప్పడానికి సిగ్గేసింది, అంతే."

ఆ ప్రొఫెసరు ఏమన్నాడో రిహాబ్‌కి తెలుసు. అన్న పుస్తకాలు సర్దుతుంటే ఎప్పుడో ఆయన దిద్దిచ్చిన బొమ్మ కాగితం దొరికింది. ఎర్ర సిరాతో, పైకప్పు పక్కనే, ఈ తరగతిలో ఇంత మంచి ఆలోచన ఇంకొకటి చూడలేదు, అని రాసి ఉంది. ఆమె దాన్ని మళ్ళీ అదే పుస్తకంలో పెట్టేసింది. ఇప్పుడు ఆ మాట నోటిదాకా వచ్చింది. అతని మొహం చూసి మింగేసింది. ఆమె కోసం అతను దాచుకుని దాచుకుని ఇవ్వగలిగింది ఇదొక్కటే. దాన్ని వెనక్కి నెట్టడం ఆమె వల్ల కాలేదు.

"ముందే చెప్పుంటే నాకింత ఏడుపు తప్పేదిగా," అంది.

"నువ్వు ఏడవడం కొత్తా ఏంటి?" అని నవ్వాడతను. "హియామ్ పిన్ని వాళ్ళ కంప్యూటరు పాడైందట, మనవరాలికి బడి పాఠాలకి ఒకటి కావాలట. మొత్తం చెరిపేసి ఇచ్చెయ్."

రిహాబ్ అలాగే చేసింది. రెండు సగాలూ తీసేసి డిస్కంతా ఒకటి చెయ్యమంది. అయ్యేదాకా అతను పక్కన కూర్చుని, బ్రెడ్డు ముక్కని నువ్వుల జాతర్ పొడిలో అద్దుకుని తింటూ, ఇంకెంతసేపని రెండుసార్లు అడిగాడు. అయ్యాక లాప్‌టాప్ మూసి, వైరు చుట్టి చంకన పెట్టుకుని కిందికి దిగాడు. ఆ పిల్లకి ఏది ఎక్కడ నొక్కాలో అతను చెబుతున్న గొంతు మెట్ల మీంచి వినిపించింది.

రిహాబ్ తలుపు దగ్గరగా వేసింది. బల్ల మీద కొత్తది అట్టపెట్టెలోనే ఉంది. ఆమె దాన్ని మర్నాటి దాకా విప్పలేదు.