ఎగువకు తల

సుబ్బరత్నం ఖమ్మంలోని కిరాయి గదిలో మంచాన్ని గోడ వెంట కాక మూలకు మూలగా వేసుకున్నది. తల వాయవ్యానికి, కాళ్లు ఆగ్నేయానికి. అందుకు కారణం ఆమె తండ్రి బసవపున్నయ్య. కృష్ణా జిల్లా నుంచి వచ్చి దుమ్ముగూడెం దగ్గర, అడవికీ గోదావరికీ నడుమ మిరప తోట వేసిన ఆయనకు ఏటి స్వభావం ఒక వరద వస్తేగాని తెలియలేదు. ఆ తరువాత ఇంట్లో అందరి తలలూ ఎగువకే, అంటే ఏరు పారి వచ్చే వాయవ్యానికే, పెట్టించాడు. నిద్రలోనైనా నీటి చప్పుడు ముందుగా చెవికి అందాలన్నది ఆయన ఆలోచన.

ఆ పడకే ఆమె కవిత్వాన్నీ మలచింది. వాన, వార్త, చావు ఏదైనా ఆమె కవితల్లో ఎగువనుంచే వచ్చేది. ఎనభై ఆరు వరదలో ఇల్లు పోయింది, ఉద్యోగం ఖమ్మానికి మారింది, కవిత ఆగిపోయింది. నాలుగేళ్ల తరువాత, మంచాన్ని ఇలా తిప్పిన వారానికి, నాలుగు పాదాలు వచ్చాయి.

ఇంటి యజమానురాలు వెంకమ్మ పప్పు గిన్నెతో వచ్చి గడపలోనే ఆగింది.

“ఇదేంది టీచరమ్మా, మంచం గిట్లేసిండ్రు?”

“మా ఊళ్లో ఏరు ఇలాగే పారుతుందండీ.”

“ఈడ మురిక్కాల్వ తప్ప ఏం పారది. మా కోడలికి నెలలు నిండినయ్. ఇంట్ల మంచం అడ్డముంటె కడుపుల బిడ్డ అడ్డం తిరుగుతదంటరు. సీదా ఏస్కోండ్రి, లేకుంటె వేరే గది సూస్కోండ్రి.”

బిడ్డ మాట వచ్చాక సుబ్బరత్నం వాదించలేదు. మంచం గోడకు చేరింది. ఐదో పాదం రాలేదు.

ఆదివారం ఆమె భద్రాచలం మీదుగా దుమ్ముగూడెం వెళ్లింది, ఒడ్డున కాసేపు కూర్చుంటే చాలనుకుని. తోట ఉన్నచోట ఇసుక మేట వేసి ఉన్నది. వరదకు ఒడ్డు విరిగి, తోట పక్కనున్న గోదావరి పాయ ఇప్పుడు నేరుగా దక్షిణానికి పారుతున్నది. ఇన్నాళ్లూ తాను తల పెట్టుకున్న వైపున ఏరు లేదు. పలకరించే మనిషి కూడా లేకపోవడంతో వచ్చిన బస్సులోనే తిరిగి వచ్చింది.

వెంకమ్మ మనవరాలు సుఖంగా పుట్టింది. పురుడు వెళ్లిన మర్నాడు వెంకమ్మ నవ్వుతూ వచ్చింది.

“ఇగ మీ ఇష్టం టీచరమ్మా. మీ ఏరు ఎటు పారితె అటే తిప్పుకోండ్రి. ఓ చెయ్యి పట్టాల్నా?”

“పట్టండి,” అన్నది సుబ్బరత్నం.

ఇద్దరూ చెరోవైపు పట్టి మంచాన్ని లేపారు.

“ఎటు?” అన్నది వెంకమ్మ.

సుబ్బరత్నం మంచం పట్టుకునే ఒకసారి వాయవ్యానికీ, ఒకసారి ఉత్తరానికీ చూసింది.