తిరిగే చక్రం, మారని అంకె

“గిది చేతులకెల్లి జారి కింద పడితే ఏమైతదే?”

రుక్మిణమ్మ ఆ మాట అనే సమయానికి కెమెరా కింద పడనూ లేదు, ఎవరి చేతుల్లోనూ లేదు. నల్లటి సంచిలో, జిప్పు మూసుకుని, బీరువా మీద బుద్ధిగా కూర్చుని ఉంది.

“పడదమ్మా,” అంది క్రాంతి.

“పడితే అంటున్న.”

“పడితే పగుల్తది. వాహెద్ భాయ్ నన్ను మల్ల దుకాణం మెట్లు ఎక్కనియ్యడు. సరేనా? ఇగ దాని దిక్కు పోకు.” తువ్వాలు భుజాన వేసుకుని క్రాంతి స్నానానికి వెళ్లిపోయింది.

పిల్ల నవ్వుతూనే అన్నది. రుక్మిణమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఏడో తరగతి దాకా చదివి, కుట్టు మిషను తొక్కి ఇల్లు నెట్టుకొచ్చిన మనిషి. ఫోను మోగితే ఎవరికో ఏదో అయిందని, మోగకపోతే చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదని అనుకునే గుండె ఆమెది. ఇంట్లోకి వచ్చిన ఆ నల్ల సంచి నిన్న సాయంత్రం నుంచీ ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు.

క్రాంతి రెండేళ్లుగా కార్వాన్‌లోనే, రెండు గల్లీల అవతల, అబ్దుల్ వాహెద్ ఫోటో స్టూడియోలో పని చేస్తోంది. మొదట్లో పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించేది. ఆరు నెలల నుంచి వాహెద్ ఆమెను దగ్గర కూర్చోబెట్టుకుని డిజిటల్ కెమెరా పట్టడం నేర్పిస్తున్నాడు. ఈ రోజు మొదటిసారి ఒంటరిగా ఫోటోలు తీయడానికి పోవాలి. జాహెదా అనే ఆమె కూతురు నౌరీన్, ఏడేళ్ల పిల్ల, ఈ రోజే తొలి రోజా, అంటే మొదటి ఉపవాసం, ఉంది. పిల్లను పెళ్లికూతురిలా ముస్తాబు చేసి, పూలదండలు వేసి, పొద్దు గూకగానే నోటికి ఖర్జూరం అందిస్తారు. చుట్టాలందరికీ విందు. ఆడవాళ్ల దగ్గరికి మగ ఫోటోగ్రాఫర్ వద్దన్నారు కాబట్టి ఆ పని క్రాంతి చేతికి వచ్చింది. నౌరీన్ నానమ్మకు మొన్ననే కంటి ఆపరేషన్ అయింది, కళ్లలో మెరుపు పడొద్దు, ఫ్లాష్ వెయ్యొద్దు అని కూడా చెప్పారు. ఈ పని బాగా వస్తే ఇక మీదట ఆడవాళ్ల ఫంక్షన్లన్నీ నీవే అని వాహెద్ మాటిచ్చాడు.

ఆ ఏడు రంజాన్ నెలలోనే దసరా వచ్చింది. అదిగో, చిక్కంతా అక్కడే పడింది.

పొద్దున్నే రుక్మిణమ్మ పనిముట్ల పూజ మొదలుపెట్టింది. కుట్టు మిషనుకు బొట్టు పెట్టింది. కత్తెరకు పెట్టింది, కూరగాయల కత్తిపీటకు పెట్టింది. భర్త ఆగయ్య గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పోయి బంతిపూలు అమ్ముతాడు. ఆయన తక్కెడ తీసుకుని చీకటితోనే వెళ్లాడు గనక ఇంట్లో ఉన్న పాత తరాజుకు పెట్టింది. గిన్నెలో గంధం ఇంకా మిగిలింది. ఆమె కళ్లు బీరువా మీదికి పోయాయి.

బిడ్డకు అన్నం పెట్టబోయే వస్తువు అది. ఇంట్లో అన్నిటికీ బొట్టు పెట్టి దాన్నొక్కదాన్నీ వదిలేస్తే? ఇవ్వాళే మొదటి పని. ఏదన్నా అయితే, ఆ రోజు బొట్టు పెట్టలేదు కదా అన్న మాట బతికున్నంత కాలం మనసులో తిరుగుతుంది. స్నానాల గదిలో చెంబు చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆమె స్టూలు ఎక్కింది.

సంచి విప్పాక గానీ తెలియలేదు, బొట్టు ఎక్కడ పెట్టాలో. ముందంతా అద్దమే. పైన చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు. వెనక పెద్ద చక్రం ఒకటి, దాని కింద నల్లటి బుల్లి మీట. ఆ మీట పక్కన కాస్త ఖాళీ కనిపించింది. అక్కడ ఉంగరం వేలితో గంధం అద్ది, మీద కుంకుమ పెట్టి, కళ్లు మూసుకుంది. “నా బిడ్డ చేతుల మంచిగ నడువు తల్లీ,” అంది.

అప్పుడే స్నానాల గది గడియ చప్పుడైంది. రుక్మిణమ్మ కొంగుతో గబగబా తుడిచింది. ఇంకోసారి తుడిచింది. పైకి ఏమీ కనబడలేదు. సంచిలో పెట్టి, జిప్పు లాగి, బీరువా మీదికి చేర్చి, స్టూలును కాలితో మంచం కిందికి నెట్టేసింది. క్రాంతి బయటికి వచ్చేసరికి ఆమె గోడకు మామిడాకులు సర్దుతున్నట్టు నిలబడింది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక క్రాంతి కెమెరా బయటికి తీసింది. మీట నెట్టింది. లైటు వెలిగింది. గోడ మీది క్యాలెండరును ఒక ఫోటో తీసింది. బుర్ర ఊపింది. వెనక చక్రం తిప్పింది. మళ్లీ తిప్పింది. మొహం మారిపోయింది.

“ఏమైందే?”

“ఏం లే.”

“ఏం లేకపోతె మొఖం గట్లెందుకు పెట్టినవ్?”

“మాన్యువల్ పని చేస్తలేదమ్మా.”

రుక్మిణమ్మకు కుట్టు మిషనుతో వచ్చిన చిన్న పుస్తకం గుర్తొచ్చింది. దాని అట్ట మీద ఆ మాటే ఉంది, అక్షరాలు కూడబలుక్కుని చదివిన మాట. “పుస్తకం పని చేయకపోవుడేంది? సంచిలనే ఉంటది, మంచిగ దేవులాడు.”

“పుస్తకం కాదే! చేతితోని మనం సెట్ చేసుకునేది. గీ ముందు చక్రం తిప్పుతే అంకె మారుతుంది, చూడు. గీ వెనకది తిప్పుతే మారుతలేదు. చక్రం తిరుగుతుంది, అంకె తిరుగుతలేదు.”

రుక్మిణమ్మ చూసింది. నిజమే, చక్రం కిర్రుకిర్రుమని తిరుగుతోంది. అద్దంలోని అంకె మాత్రం రాయిలా కూర్చుంది. తను పెట్టింది మీట పక్కన. చెడింది చక్రం. ఈ రెంటికీ సంబంధం ఉంటుందా? ఉండదేమో. ఉంటే?

“అది లేకుంటె ఫోటో రాదా?”

“వస్తది. ఆటోలో పెట్టి తీయొచ్చు గని...”

“మరి ఆటోలనే పోరాదు! నేను పోయి మాట్లాడుకొస్త. మెల్లగ నడుపుమని చెప్త.”

క్రాంతి నెత్తి కొట్టుకుంది. ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది. “అమ్మా! ఎక్కి పోయే ఆటో కాదే. కెమెరానే అన్నీ తన ఇష్టమున్నట్టు చేసుకుంటది, దాన్నే ఆటో అంటరు. గట్ల పెడితే చీకట్ల దానంతటదే ఫ్లాష్ వేస్తది. ఆ ముసలామె కళ్లు ఏం గావాలె?”

నవ్వు ఎంతోసేపు లేదు. క్రాంతి బ్యాటరీ తీసింది, బల్ల మీద పెట్టింది, పది నిమిషాలు గడియారం చూసి మళ్లీ వేసింది. మీట నెట్టింది. చక్రం తిరిగింది, అంకె మారలేదు. ముందున్న అద్దం గొట్టం విప్పి మళ్లీ బిగించింది. మారలేదు. కార్డు తీసి ఊదింది. లోపల లిస్టులోకి పోయి అన్నీ మొదటికి తెచ్చే బటన్ నొక్కింది. రుక్మిణమ్మ మాత్రం ప్రతిసారీ, ఇక ఇప్పుడు పేలుతుంది అనుకుంది. మరిది ఫోను బ్యాటరీ ఉబ్బిందని ఎప్పుడో విన్నది. బిడ్డ మొహానికీ కెమెరాకూ మధ్య తన చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది.

“చెయ్యి తియ్యవే, కనిపిస్తలేదు.” క్రాంతి తలెత్తింది. “అమ్మా, నువ్వు దీన్ని ముట్టినవా?”

“నేనా? నేనెందుకు ముడుత?”

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. నాలుక దానంతటదే కదిలింది. ఒకసారి లేదన్నాక, ఆ మాటను వెనక్కి తీసుకునే తోవ ఆమెకు కనబడలేదు.

క్రాంతి వాహెద్‌కు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. “ఉపాసంల ఉన్నడు. నమాజ్ అయినంక జర పంటడు. ఇగ లేస్తడు తియ్,” అంటూనే మూడోసారి చేసింది. రుక్మిణమ్మ గోడవార కూర్చుని లెక్క వేసుకుంటోంది. కెమెరా పోయిందంటే పని పోతుంది. పని పోతే పిల్ల ఇంట్లో కూర్చుని కుమిలిపోతుంది. కుమిలిన పిల్ల తిండి మానేస్తుంది. ఆ తరువాతది తలచుకోవడానికి ధైర్యం చాలక లేచి మంచినీళ్లు తాగింది. వాహెద్ భాయ్ తన వస్తువుకు మన బొట్టు పెట్టారని తెలిస్తే ఏమనుకుంటాడో, అదొకటి.

మూడున్నరకు ఇక ఆగలేక ఇద్దరూ స్టూడియోకే వెళ్లారు. షట్టరు సగం లేచి ఉంది. నిద్ర కళ్లతో, తల మీద టోపీ సర్దుకుంటూ వాహెద్ బయటికి వచ్చాడు.

“క్యా బాత్ హై భాభీ, పొద్దుగూకినంక జమ్మి ఆకు ఇచ్చేటందుకు రావాలె గదా, ఇప్పుడే వచ్చిన్రేంది? ఆగయ్య భాయ్ ఏడి? పోయినేడు గట్టిగ కావలించుకుంటే నా పక్కబొక్కలు ఇంకా నొస్తున్నయి.”

ఎవరూ నవ్వలేదు. క్రాంతి కెమెరా చేతికిచ్చి జరిగింది చెప్పింది. వాహెద్ అటు తిప్పి ఇటు తిప్పి, కళ్లజోడు పెట్టుకుని, మీటను గోటితో కదిపాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

“ఇదో. చూడు బేటా. ఈ మీటకు మూడు మెట్లున్నయి. మొదటి మెట్టు బంద్. రెండో మెట్టు ఎక్కితే కెమెరా చాలూ అయితది. మూడో మెట్టు ఎక్కితేనే వెనక చక్రం నీ మాట వింటది. నీకు గా ముచ్చట చెప్పకపోవుడు నా గల్తీ. ఎప్పుడు ఆఖరిదాకనే నూకుతవ్ గదా అని ఊకున్న. ఇప్పుడిది రెండో మెట్టు కాడనే నిలబడుతుంది. లోపట ఏందో ఇరుక్కుంది.”

“అంటే ఖరాబ్ కాలేదా భాయ్?”

“అదే చెప్తున్న, విను. ఎండిన మట్టో పొడో అయితే ఈ బ్రష్షుతోని పది నిమిషాల పని. నూనె, షర్బత్ గిట్ల పోయిందనుకో, బ్రష్షు పెడితే ఇంకింత లోపటికి నూకినట్టయితది. అప్పుడు విప్పాలె, మిస్త్రీ కావాలె. మిస్త్రీ పండుగకు ఊరికి పోయిండు, నాలుగు రోజులకు గని రాడు. ఏం పోయిందో తెల్వకుండ నేను కెలకను. ఏం పడ్డది దీని మీద?”

“ఏం పడలే భాయ్. నిన్న తీసుకపోయినప్పటి సంది బీరువ మీదనే ఉంది. ఎవ్వరు ముట్టలే.”

“ఎవ్వరు ముట్టకుంటె లోపటికి ఎట్ల పోయింది?”

“అమ్మ గుడ ముట్టలే. అడిగిన.”

వాహెద్ కళ్లజోడు తీశాడు. కోపంగా లేడు, అందుకే రుక్మిణమ్మకు ఎక్కువ భయమేసింది. “అయితే నీ చేతులనే అయింది బేటా. చెప్పుకోనీకి భయపడుతున్నవ్. ఇంతే గదా?”

“లే భాయ్...”

“ఆర్నెల్లు నేర్పిన. ఖరాబ్ అయితే చెప్పు అన్న, దాచిపెట్టకు అన్న. వస్తువు పోతే మల్ల తెచ్చుకోవచ్చు, నమ్మకం పోతే...” అతను మాట పూర్తి చేయకుండా ఫోను అందుకున్నాడు. “జాహెదాకు చెప్త, ఫోటోలకు ఎవ్వరు వస్తలేరని. ఆ పిల్ల పొద్దటి సంది నోట్ల నీళ్లు పోసుకోలే. అద్దం ముందట కూసొని ఎదురు చూస్తుంటది.”

క్రాంతి తలవంచుకుంది. చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. “నాదే తప్పనుకో భాయ్,” అంది చివరికి.

వాహెద్ వేలు ఫోను బటన్ మీద ఆగింది. “ఆఖరిసారి అడుగుతున్న. ఏం పడ్డది?”

పైన ఫ్యాను టకటకమని తిరుగుతోంది. గోడ గడియారం నాలుగుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. గల్లీలో ఎవరో హలీం గిన్నె దించుతున్న చప్పుడు. రుక్మిణమ్మ కొంగు చూసుకుంది. కొంగు అంచున, పొద్దున తుడిచిన చోట, ఎర్రటి మరక ఒకటి ఆరిపోయి గట్టిపడి ఉంది. దాన్ని పిడికిట్లో ముడుచుకుంది. విప్పింది. మళ్లీ ముడుచుకుంది. బిడ్డ వైపు చూసింది. బిడ్డ ఆమె వైపు చూడటం లేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. గడియారంలో పెద్ద ముల్లు ఒక గీత దాటింది. ఇంకో గీత కూడా దాటింది.

వాహెద్ నిట్టూర్చి ఫోను చెవి దగ్గరికి తీసుకున్నాడు.

“గంధం,” అంది రుక్మిణమ్మ. కొంగు విప్పి ఆ మరకను ఇద్దరికీ కనబడేలా పట్టుకుంది. “గంధం భాయ్. మీద జరంత కుంకుమ. నేనే పెట్టిన, నేనే తుడిచిన. నూనె లేదు, తీపి లేదు. ఉత్త నీళ్లల్ల అరగదీసిన గంధమే, ఎండితే పొడి.”