జాబితాలో హంసపాదు

"అంతమంది ముందు దీని గొంతు పెగలదు మామయ్యా. గుడ్లప్పగించి నిలబడితే పిల్లలంతా నవ్వుతారు. ఇక జన్మలో మళ్ళీ నోరు విప్పదు," అన్నాను, ఇంకా గడప దాటకముందే.

మామగారు చెప్పులు వేసుకుంటూ, "నువ్వు గొడుగు తీశావంటే ఎండ కూడా అనుమానంగా కాస్తుందమ్మా," అన్నారు. నా సంచీలో గొడుగు ఉన్నమాట నిజమే. మంచినీళ్ళు, దూది, ఒక జత బట్టలు కూడా ఉన్నాయి.

మా పాపకు ఎనిమిదేళ్ళు. ఇంట్లో వసపిట్ట. బయట ఎవరైనా పేరడిగితే నా వెనక్కి వచ్చి దాక్కుంటుంది. అలాంటిది, గ్రంథాలయంలో పిల్లలే రాతలో వాడే ఒక్కో గుర్తు గురించి తోటి పిల్లలకు చెప్పాలంటే తనంతట తనే చెయ్యెత్తింది. కామా, ప్రశ్న గుర్తు అప్పటికే ఎవరో తీసేసుకున్నారు. ఇది హంసపాదు కోరుకుంది. ముప్ఫయ్యేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన తాతయ్య పక్కనుండగా దానికేం లోటు?

వారం రోజులు ఇల్లంతా హంసపాదులే. తాతయ్య చెప్పినవన్నీ నాకూ కంఠతా వచ్చేశాయి. రాస్తున్నప్పుడు అక్షరమో మాటో జారిపోతే, సరిగ్గా ఆ చోట పంక్తి కింద మొన పైకి ఉండేలా చిన్న ఇంటికప్పు గీస్తారు. జారిపోయినదాన్ని దాని నెత్తిన రాస్తారు. పెద్ద ముక్కే పోతే పక్క అంచులో రాసి, అక్కడా అదే గుర్తు పెడతారు. కాగితం చింపక్కర్లేదు, మొదటినుంచీ రాయక్కర్లేదు. కంప్యూటర్ మీటల మీదా అలాంటి మొన ఒకటి ఉందట, లెక్కల్లో ఘాతానికి వాడతారట.

నాకు మాత్రం ఆదిలోనే హంసపాదు అన్న సామెతే చెవిలో మోగేది. పాప నాకే పాఠం చెప్పింది. "అది అడ్డంకి కాదమ్మా. నీకిక్కడ చోటుంది, లోపలికి రా అని పిలవడం."

మేము వెళ్ళేసరికి హాలు తేనెతుట్టెలా ఉంది. పాప నా చెయ్యి వదిలించుకుని, తలుపుకు అంటించిన జాబితా దగ్గరికి పరిగెత్తింది. వేలు పెట్టి పైనుంచి కిందికి చదివింది. మళ్ళీ కిందినుంచి పైకి చదివింది. పన్నెండు పేర్లున్నాయి. దాని పేరు లేదు.

తప్పు నాదే. పాప పాల్గొనడానికి నేను సంతకం చేసి ఇవ్వాల్సిన చీటీని భయంకొద్దీ రెండు రోజులు పంచదార డబ్బా కింద దాచాను. గడువు దాటాక, గ్రంథాలయంలో బల్ల దగ్గర ఎవరూ లేని సమయం చూసి పెట్టి వచ్చాను. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇంటికి పోదాం పద అని దాని భుజం పట్టుకున్నాను. అది విదిలించుకుంది. తాతయ్య జేబులోంచి ఎర్ర పెన్సిలు లాగి, అక్షరక్రమంలో తను రావాల్సిన చోట, ఐదో పేరుకూ ఆరో పేరుకూ నడుమ హంసపాదు గీసి, దాని నెత్తిన తన పేరు రాసుకుంది. నలుగురిలో తిట్లు తప్పవనుకున్నాను. తాతయ్య మాత్రం పెన్సిలు తిరిగి జేబులో పెట్టుకుంటూ మీసాల్లో నవ్వుకున్నారు.

అంతలో గ్రంథాలయం నడిపే ఆవిడ ఆ కాగితాన్నే తలుపుమీంచి తీసుకుని ముందుకు వెళ్ళింది. వరసగా పేర్లు చదివింది. ఐదో పేరు తర్వాత ఆగి, కళ్ళజోడు సవరించుకుంది.

"ఇందులో ఎర్రగా ఎవరు రాశారు?"

తాతయ్య నావైపు చూశారు. చీటీ ఆలస్యం చేసింది నేనేనని చెప్పాల్సిందిపోయి, తలుపువైపు చూపు తిప్పుకున్నాను. ఆవిడ కాగితం పైకెత్తి మళ్ళీ అడిగింది. పాప చెవులు ఎర్రబడ్డాయి. అయిపోయింది, ఇక ఏడుస్తుందనుకుని సంచీలో తువ్వాలు వెతుక్కుంటున్నాను.

"నేనేనండీ," అంది పాప. గొంతు వణికింది, అయినా ఆఖరి వరసదాకా వినబడింది. "అది హంసపాదు. మధ్యలో ఏదైనా వదిలేస్తే, అది ఉండాల్సిన చోట అలా పెట్టి పైన రాయాలి. నన్ను వదిలేశారు. నేను ఉన్నాను."