ఇరవై రెండో మనిషి వచ్చేదాకా

నేను ఒక ఈలను. తిరునాళ్లలో పిల్లలు కొనుక్కునే రకం కాదు, బస్సు కండక్టరు మెడలో వేలాడే రకమూ కాదు. నా కడుపులో గింజ ఉండదు. చిటికెనవేలంత పొడవున్న ఇత్తడి గొట్టాన్ని. ఒక చివర నోరు, పక్కన రెండు చీలికలు, రెండో చివర గొలుసు తగిలించడానికి చిన్న రింగు. నా ఒంటి మీద 417 అని అంకె కొట్టి ఉంటుంది. పటాలంలో మనుషులకీ అంకెలే, ఈలలకీ అంకెలే కాబట్టి ఆ విషయంలో నాకెప్పుడూ చిన్నతనం అనిపించలేదు.

ఉత్తరాదిలో ఇత్తడి సామాను చేసే ఒక ఊళ్లో, ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి ఆనుకోవలసినంత ఇరుకు సందులో పుట్టాను. రహీముద్దీన్ అనే ముసలాయన నన్ను లేతు యంత్రం మీద తిప్పి తయారుచేశాడు. చేసిన ప్రతి ఈలనూ ఒకసారి ఊది చూడడం ఆయన అలవాటు. నన్ను ఊది, తల పక్కకి వంచి విని, "ఇది కొంచెం కోపిష్ఠి" అని నవ్వి సంచిలో పడేశాడు. ఆ సంచి రైలెక్కి బెంగళూరు చేరింది.

అక్కడ హవల్దార్ మేజర్ మాణిక్యం మెడలో ఆరేళ్లు ఉన్నాను. కొత్తగా చేరిన సిపాయిలకి కవాతు నేర్పే ఉస్తాదు ఆయన. దేశాన్ని కాపాడ్డానికి వచ్చినవాళ్లకి ముందుగా కుడి ఏదో ఎడమ ఏదో నేర్పాలని నాకు తెలిసింది ఆ మైదానంలోనే. ఆయన నన్ను ఊదితే మూడు వందల బూట్లు ఒక్కసారి ఆగేవి. నా అంత గొప్పవాడు లోకంలో లేడనుకునేవాణ్ని. యుద్ధమంటే అదేననుకునేవాణ్ని.

మాణిక్యం పదవీ విరమణ చేసిన రోజు, కొత్తగా భుజాన నక్షత్రం పడిన ఒక కుర్ర ఆఫీసరుని పిలిచి నన్ను చేతిలో పెట్టాడు. "ఇప్పుడు రేకు ఈలలు ఇస్తున్నారు సార్. వానకి తుప్పు పడతాయి. ఇది ఉంచుకోండి" అన్నాడు. అంతకు మించి వేడుకేమీ జరగలేదు.

ఆ ఆఫీసరు పేరు దువ్వారపు జగన్నాయకులు. బొబ్బిలివైపు మనిషి. తండ్రి జనపనార మిల్లులో మగ్గాల మేస్త్రీ. ఇంజనీరింగు చదివి పటాలంలోని సాపర్ల విభాగంలో చేరాడు. సాపర్లంటే సైన్యానికి ముందు నడిచేవాళ్లు. ఏరు అడ్డొస్తే వంతెన వేస్తారు, దారిలో మందుపాతరలు ఉంటే వెతికి తీస్తారు. అందరూ నడిచే దారిని అందరికంటే ముందు నడిచి చూసే పని. జగన్నాయకులు పొడగరి, మితభాషి. మాట్లాడితే వినేవాళ్లు కొంచెం దగ్గరికి జరగాల్సి వచ్చేది. ఆయన అరవలేకపోవడం వల్లే నాకు పని ఎక్కువైంది.

అరవై అయిదులో పంజాబులో మొదటి యుద్ధం చూశాం. ఒక కాలవ మీది వంతెన కింద మా వాళ్లు శత్రువు అమర్చిన మందుగుండు తీగెలు ఊడబీకుతున్నారు. ఉన్నట్టుండి ఫిరంగి గుళ్లు పడడం మొదలైంది. అందరూ వెనక్కి రావాలని, అప్పటికి లెఫ్టినెంటుగా ఉన్న జగన్నాయకులుగారు నన్ను ఒకసారి ఊదారు. గట్టిగానే ఊదారు. కానీ నా కూత, ఒక గుండు పేలుడు ఒకేసారి పడ్డాయి. కందకంలో చేరి లెక్కపెట్టుకుంటే ఇద్దరు తక్కువయ్యారు. మునిరత్నం, సెల్వరాజు. వంతెన అవతలి మొగదల పని చేస్తున్నవాళ్లు. వాళ్లకి నేను వినపడలేదు.

రిపోర్టులో 'శత్రు ఫిరంగి దాడిలో మరణం' అని రాశారు. అది నిజమే. ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేదు. ఆయనే తనని తాను తప్పుపట్టుకున్నాడు. ఇంకొక్కసారి ఊది ఉంటే? ఆగి, ఊపిరి పీల్చుకుని, ఇంకొక్కసారి? ఆ ప్రశ్న ఆయన ఎవరినీ అడగలేదు. నన్ను జేబులోంచి తీసి బొటనవేలితో రుద్దుతూ కూర్చునేవాడు. అప్పటినుంచి ఆయనకి తిన్నగా నిద్ర లేదు. కన్ను అంటుకోగానే ఉలిక్కిపడి లేచి, మంచం అంచున కూర్చుని వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకునేవాడు. పెళ్లయింది, మేజరయ్యాడు, ఆ లెక్క మాత్రం ఆగలేదు.

ఆరేళ్ల తర్వాత మళ్లీ యుద్ధం వచ్చింది. ఈసారి తూర్పున. డిసెంబరు నెల, ఏటి ఒడ్డు, చెయ్యి చాపితే చెయ్యి కనపడనంత పొగమంచు.

ఏటికి ఇవతల మా కంపెనీ, వంతెన సామానుతో లారీలు, వాటి వెనక ఏరు దాటడానికి ఎదురుచూసే ట్యాంకులు. అవతలి ఒడ్డంతా మందుపాతరలు. తెలతెలవారుతుండగా ఇరవై ఇద్దరు పడవల్లో అవతలికి వెళ్లారు. వాళ్ల నాయకుడు సుబేదార్ గుర్రం యోహాను. బాపట్ల దగ్గరివాడు, నలభై దాటినవాడు, నేల మీద అడుగు వేసేముందు దానితో మాట్లాడతాడని పేరున్నవాడు. ఒడ్డునుంచి లోపలికి తిన్నగా ఒక దారి శుభ్రం చేసి, రెండు పక్కలా తెల్ల పట్టీ పరిచి రావడం వాళ్ల పని.

తొంభై అడుగులు చేశామని యోహాను వైర్‌లెస్సులో చెప్పాడు. ఆ తర్వాత అవతలినుంచి మూడు పేలుళ్లు వినపడ్డాయి. వైర్‌లెస్సు మూగబోయింది.

మేజరుగారు నీళ్ల అంచుదాకా వెళ్లి చెవి పెట్టి విన్నారు. ఏం జరిగిందో ఆయనకి అర్థమైంది. శత్రువు గుళ్లు పడి తెల్ల పట్టీ చెదిరిపోయింది. బతికున్నవాళ్లు తాము చేసిన దారి చివర బోర్లా పడుకుని ఉంటారు. వెనక్కి రావాలంటే తొంభై అడుగులు తిన్నగా రావాలి. ఆ మంచులో తిన్నగా అంటే ఎటో ఎవరికీ తెలియదు. రెండడుగులు పక్కకి పడితే మందుపాతర.

అప్పుడే టెలిఫోను మోగింది. పై అధికారి. ఏడూ నలభైకి మన ఫిరంగులు అవతలి ఒడ్డుని కాలుస్తాయి, వెంటనే వంతెన పని మొదలుపెట్టాలి అన్నాడు.

"సార్, నా మనుషులు ఇరవై ఇద్దరు ఇంకా అవతలే ఉన్నారు."

"బతికున్నారని మీకు రూఢిగా తెలుసా?"

"తెలియదు సార్."

"అయితే వేళ మారదు."

మేజరుగారు ఫోను పెట్టేశారు. ఏడూ పదిహేను అయింది. పక్కనే ఫిరంగులకి గురి చెప్పే కెప్టెన్ ఒకాయన బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. మేజరుగారు ఆయన దగ్గరికి వెళ్లి, "గుళ్లు ఎక్కడ పడుతున్నాయో ఇక్కడినుంచి మీకు కనపడుతుందా?" అని అడిగారు.

కెప్టెన్ ఆయన మొహం వైపు చూశాడు. మంచు వైపు చూశాడు. "నా బూట్లే నాకు కనపడడం లేదు సార్. అదే మాట పైకి చెప్తాను. చూడకుండా కాల్చమని వాళ్లు ఆర్డరు వేస్తే మాత్రం నేనేమీ చెయ్యలేను."

"అది చాలు" అన్నారు మేజరుగారు. వంతెన సామాను తను వచ్చేదాకా నీళ్లలో దించవద్దని మనవాళ్లకి చెప్పి, ఒక్కరే పడవెక్కారు.

అవతలి ఒడ్డున మా వాళ్ల పడవలు ఉన్నాయి. వాటిని కట్టిన మేకులనుంచే దారి మొదలైంది. సరిగ్గా ఆ మొదట్లో మేజరుగారు నిలబడ్డారు. జేబులోంచి నన్ను తీశారు. నేను ఆయన పెదాల మధ్య చల్లగా తగిలి ఉంటాను.

ఒక పొడుగాటి కూత. మనసులో అయిదు అంకెలు. మళ్లీ ఒక కూత.

నాలుగో కూతకి శత్రువు మెషిన్‌గన్ మేలుకుంది. మంచులో వాళ్లకీ కళ్లు లేవు. వాళ్లకీ నేనే దారి చూపిస్తున్నాను. గుళ్లు తలపైనుంచి పోయాయి, తర్వాత నీళ్లలో పడ్డాయి, తర్వాత పక్కనున్న పడవ చెక్కని చీల్చాయి. లేచిన పెచ్చు ఒకటి మేజరుగారి చెవి కోసుకుంటూ పోయింది. పక్కకి ఒరగాలని ఆయన ఒళ్లంతా కోరింది. ఆ కోరిక పళ్లలోంచి నాకు తెలిసింది. నా మీద రెండు నొక్కులు ఆ క్షణంలో పడ్డవే. కానీ ఆయన జరగలేదు. తను ఒక అడుగు పక్కకి జరిగితే, అవతల తన కూత పట్టుకుని పాకుతున్నవాళ్ల దారి కూడా జరుగుతుంది. కూర్చోలేదు కూడా. కూర్చుంటే ఒడ్డు గట్టు అడ్డొచ్చి కూత తగ్గుతుంది.

కూత. అయిదు అంకెలు. కూత.

ఎంతసేపో నాకు తెలియదు. చేతిగడియారాలకి తెలుస్తుంది కాబోలు. మొదట బురద చెయ్యి ఒకటి మంచులోంచి వచ్చింది. దాని వెనక మనిషి. అతని చీలమండ పట్టుకుని ఇంకో మనిషి. గొలుసులాగా ఒకరి కాలు ఒకరు పట్టుకుని పాక్కుంటూ వస్తున్నారు. మేజరుగారు ఊదుతూనే ఎడమచేత్తో ఒక్కొక్కరి భుజం తట్టి పడవ వైపు తోశారు. తట్టిన ప్రతిసారీ ఒక అంకె. పంతొమ్మిది దగ్గర గొలుసు తెగింది.

పంతొమ్మిదో వాడు నోరు తెరిచాడు. "వెనకాల సుబేదార్ సాబ్ ఉన్నాడు సార్. కదిరేశన్ కాలికి దెబ్బ తగిలింది. మోసుకొస్తున్నారు."

కూత. అయిదు అంకెలు. కూత. మెషిన్‌గన్ ఆగింది, మళ్లీ మొదలైంది. ఆయన పెదవి చిట్లి నా నోట్లో రక్తం చేరింది. నా గొంతు బొంగురు పోయింది. ఆగిపోతానేమోనని నేను భయపడ్డాను. ఆయన నన్ను విదిలించి, చొక్కాకి తుడిచి, మళ్లీ ఊదారు.

ముందు మాటలు వినపడ్డాయి, తర్వాత మనుషులు కనపడ్డారు. యోహాను కదిరేశన్‌ని వీపున వేసుకుని మోకాళ్ల మీద వస్తున్నాడు. పక్కన ఇంకో సిపాయి కదిరేశన్ కాలిని పట్టుకుని ఉన్నాడు. కదిరేశన్ అరవంలో దేవుణ్ని తిడుతున్నాడు. అంత తీయని తిట్టు నేను మళ్లీ వినలేదు.

ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు.

మేజరుగారు ఇంకా ఊదుతూనే ఉన్నారు.

"సార్, ఇంక చాలు. ఆపండి" అన్నాడు యోహాను.

ఆయనకి వినపడలేదు. యోహాను కదిరేశన్‌ని పడవలో దింపి, వెనక్కి వచ్చి, అధికారి అన్న సంగతి మరిచిపోయి, ఆయన నోట్లోంచి నన్ను లాగేశాడు.

"ఇరవైరెండు మందిమీ వచ్చేశాం సార్. వెనకాల ఒక్కడు కూడా మిగల్లేదు. లెక్కెట్టుకోండి కావాలంటే."

"పెట్టాను" అన్నారు మేజరుగారు. ఇంకేదో అనబోయి బురదలో కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. భుజాలు కదిలిపోయాయి. యోహాను అటు తిరిగి నిలబడి ఏరు వైపు చూశాడు.

కెప్టెన్ చెప్పిన మాట పైవాళ్లు విన్నారు కాబోలు, మంచు విడేదాకా మన ఫిరంగులు పేలలేదు. వంతెన యాభై నిమిషాలు ఆలస్యంగా మొదలై మధ్యాహ్నానికి పూర్తయింది. ట్యాంకులు అన్నీ దాటాయి. ఒక్కటీ ఏట్లో పడలేదు. కొద్ది రోజులకి యుద్ధమే అయిపోయింది.

అయినా విచారణ జరిగింది. ఒక బడి గదిలో, నల్లబల్ల మీద ఎవరో పిల్లలు చేసిన కూడికలు ఇంకా చెరపకుండా ఉండగానే, ముగ్గురు అధికారులు కూర్చున్నారు. ఆజ్ఞ ఉండి కూడా వంతెన పని ఎందుకు ఆపారని అడిగారు.

"ఆపింది నేనే. ఇంకెవరికీ సంబంధం లేదు" అన్నారు మేజరుగారు.

"వాళ్లు అప్పటికే చనిపోయి ఉంటే?"

"ఇంకెవరూ రారని తెలిసేదాకా ఊదేవాణ్ని సార్."

ముగ్గురిలో పెద్దాయన ఆ మాట పెన్సిలుతో రాసుకుని, ఇక వెళ్లవచ్చన్నాడు. జనవరిలో ఒక మందలింపు కాగితం వచ్చింది. మరుసటి ఏడు, ఆ ఉదయం చేసిన ఆ పనికే పరాక్రమ పతకం వచ్చింది. రెండింటి కిందా ఒకే ఆఫీసు ముద్ర. మనుషులు ఇలాంటివి రెండు వేరువేరు ఫైళ్లలో పెట్టుకుని సుఖంగా ఉంటారు. మేజరుగారు మాత్రం రెంటినీ ఒకే కవరులో పెట్టారు.

కానీ నేను చెప్పాలనుకున్నది పతకం సంగతి కాదు. మందలింపు వచ్చిన మరుసటి నెల, ఫిబ్రవరిలో, సెలవు మీద బొబ్బిలి వెళ్లాం. ఆయన భార్య సీతారత్నంగారు అక్కడ బడిలో లెక్కల టీచరు. ఆయన వస్తూనే స్నానం చేసి, అన్నం తిని, పగటి పూట మంచం మీద ఒరిగారు. నేను చొక్కాతోపాటు గోడ మేకుకి వేలాడుతున్నాను. ఉలిక్కిపడతారని నేను, సీతారత్నంగారు ఎదురుచూశాం. ఆయన ఉలిక్కిపడలేదు. గురక మొదలుపెట్టారు. పొద్దు వాలింది, మర్నాడు మళ్లీ పొద్దెక్కింది. పక్కింటి ముసలావిడ గుమ్మంలోంచి తొంగిచూసింది.

"ఏటమ్మా, మేజరుబాబుకి ఒంట్లో బాగోలేదేటి? ఇంతసేపు లెగలేదు?"

"బాగానే ఉన్నారు పిన్నీ. నిద్దరోతన్నారు" అన్నారు సీతారత్నంగారు. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఆయన కల్నలయ్యారు. తుపాన్లకి కొట్టుకుపోయిన వంతెనలు కట్టారు, ఆఫీసుల్లో కూర్చుని చాలా కాగితాల మీద సంతకాలు పెట్టారు. అందరూ మెచ్చుకున్న ఉద్యోగమే. నాకు మాత్రం పెద్దగా పని తగల్లేదు. నేనేమీ బాధపడలేదు.

పదవీ విరమణ చేసిన కొన్నేళ్లకి, సాపర్ల మ్యూజియంలో పెడతామని అడిగితే, దంపతులిద్దరూ బెంగళూరు వచ్చి నన్ను ఇచ్చేశారు. అక్కడి కుర్ర ఆఫీసరు నన్ను నీలం గుడ్డ మీద పెట్టి, అద్దం మూసి, "ఏదైనా చెప్తారా సార్?" అని అడిగాడు. కల్నలుగారు తల అడ్డంగా ఊపారు. బయటికి నడుస్తూ అలవాటుగా చొక్కా జేబు తడుముకుని ఆగారు.

"జేబు తేలికైపోనాది" అన్నారు.

"తులం బరువుంటాదా అది? దానికేటి అంత?"

"తులమే. ఎన్నేళ్లు మోసినాను, సెప్పు?"

సీతారత్నంగారు ఆయన జేబు మీది మడత సరిచేసి, "ఎండెక్కక ముందే ఎల్లిపోదాం, రండి. కాఫీ తాగి రెండు గంటలైంది" అన్నారు.

ఇద్దరూ తొందరేమీ లేకుండా మెట్లు దిగి వెళ్లారు.