ఇరవై రెండు సెకన్లు

మా మినియాంగ్ ఊళ్లో ఒక మనిషిని మనస్ఫూర్తిగా ప్రేమించడమంటే, వాడు ఇరవయ్యో ఏట చేసిన పొరపాటును వాడికి అరవై వచ్చేదాకా నలుగురిలో గుర్తుచేస్తూ ఉండడం. ఆ లెక్కన ఊరంతా కలిసి అందరికంటే ఎక్కువ ప్రేమించింది ఇనుప సామాన్ల కొట్టు కెల్విన్ టాస్కర్‌ని.

ఎనభై నాలుగులో ఫుట్‌బాల్ ఫైనల్ మా మైదానంలోనే జరిగింది. చివరి నిమిషంలో పక్కూరు డెల్బీ కంటే మేము నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. మా ఆటలో బంతిని చేత్తో కూడా పట్టొచ్చు, గోలు పడితే ఆరు పాయింట్లు వస్తాయి. చివరి సైరన్‌కి రెప్పపాటు ముందు కెల్విన్ బంతిని గాల్లోనే ఒడిసి పట్టాడు, కాబట్టి సైరన్ మోగినా ఒక్క తన్ను తన్నే హక్కు అతనికి దక్కింది. దూరం ముప్పై గజాలు. గోలు స్తంభాలు సూటిగా ఎదురుగా ఉన్నాయి. బంతి ఎడమకి తిరిగిపోయి ఆడవాళ్ల మరుగుదొడ్డి గోడకి తగిలింది. డెల్బీవాళ్లు కప్పు పట్టుకుపోయారు. మాకు ఆ తర్వాత కప్పు దగ్గరిదాకా వెళ్లే యోగం కూడా పట్టలేదు.

అప్పట్నుంచి ప్రతి ఏడూ మా మైదానంలో జరిగే మొదటి ఆటకి, మధ్య విరామంలో టాస్కర్ కిక్ అని ఒక పోటీ పెడతారు. కెల్విన్ అప్పటి చొక్కా పొట్ట మీదికి లాక్కుని, అప్పుడు నిలబడ్డ చోటే నిలబడి, పోటీదారులకి బంతి అందించాలి. మరుగుదొడ్డి గోడకి ఎవరి బంతి బాగా తగిలితే వాళ్లకి కసాయి కొట్టు తరఫున ఒక ట్రే నిండా మాంసం. తగిలినప్పుడల్లా మైదానం చుట్టూ నిలిపిన కార్లన్నీ హారన్లు కొడతాయి. కెల్విన్ నవ్వుతాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే నవ్వు. దాన్ని దగ్గర్నుంచి చూస్తే పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరిచినట్టు ఉంటుంది. దగ్గర్నుంచి చూసేది క్యాంటీన్‌లో నిలబడే నేనొక్కదాన్నే.

ఈ ఏడు మా క్లబ్‌కి వందేళ్లు. మొదటి ఆటకి వారం ముందు నేను క్యాంటీన్‌లో రొట్టెముక్కలకి వెన్న రాస్తుంటే కెల్విన్ వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“రోజలిన్, డారిల్ నీకేమైనా చెప్పాడా?”

డారిల్ నా మొగుడు. క్లబ్ కార్యదర్శి.

“డారిల్ నాకు చెప్పేవి రెండే. ఆకలేస్తోందని ఒకటి, అంపైర్‌కి కళ్లు కనబడవని ఒకటి.”

“ఈసారి కిక్ టిల్లీ చేత కొట్టిస్తారట, గోడకి కాదు, గోలుకి. టాస్కర్ వంశం పరువు నిలబెట్టుకోడానికి ఇదే ఆఖరి అవకాశం అని మైకులో చెప్తారట.”

టిల్లీ అతని మనవరాలు. పన్నెండేళ్లది. ఈ ఏడే ఆడపిల్లల జట్టులో చేరింది. బాగా ఆడుతుంది కూడా.

“నన్నంటే ఎన్నైనా అననీ, అలవాటైపోయింది. దాన్ని మాత్రం వదిలేయమను అమ్మాయ్. గోలు కొడితే ‘చూడరా, పసిపిల్ల కొట్టింది’ అని నన్నంటారు. కొట్టకపోతే దాన్నంటారు. సోమవారం బడికెళ్లేసరికి దాని పేరు టిల్లీ కాదు, మరుగుదొడ్డి.”

“నువ్వే డారిల్‌తో అనరాదూ?”

“అన్నాను. నవ్వి భుజం మీద కొట్టాడు.”

ఇంటికెళ్లి నేనూ అన్నాను. డారిల్ నవ్వలేదు. నొచ్చుకున్నాడు.

“కెల్విన్ అంటే మాకు ప్రాణం. ఆ మాత్రం తెలీదా వాడికి?”

“అంత ప్రాణమైతే ఈ ఒక్క ఏడూ నీ పేరు పెట్టుకో పోటీకి.”

“నేనేం తప్పు కొట్టానని?”

“ఏమీ కొట్టలేదు. నిన్ను టీమ్‌లోకే తీసుకోలేదుగా.”

ఆ పూట భోజనం చాలా ప్రశాంతంగా జరిగింది.

అసలు నాకు రోత పుట్టించింది జ్ఞాపకాల పుస్తకం. వందో ఏడు కదా, అభిమానులంతా తమ మరపురాని జ్ఞాపకాన్ని రాసి పంపాలని డారిల్ ప్రకటించాడు. ప్రకటించడం అతని వంతు, సరిచేసి టైపు చేయడం నా వంతు. అరవై మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడింటి మీద టమాటా సాస్ మరకలున్నాయి. యాభై ఒకటి కెల్విన్ తన్ను గురించే. అందరూ గోలు స్తంభాల వెనకే నిలబడి చూశారట. నిజంగా అక్కడ అంతమంది ఉండి ఉంటే బంతి గోడదాకా పోయే సందే ఉండేది కాదు. ఒకాయన ఆ రోజు కుండపోత వాన అని రాశాడు. ఆ రోజు దుమ్ము తప్ప ఆకాశంలో ఇంకేమీ లేదు. ఒకతను ఎనభై ఆరులో పుట్టి కూడా తను కళ్లారా చూశానన్నాడు. ఇంకొకాయన తన కుక్కకి టాస్కర్ అని పేరు పెట్టాడట, బంతి విసిరితే అది ఎప్పుడూ ఇంకో వైపు పరిగెడుతుంది గనుక. చివర్లో ‘ప్రేమతో’ అని సంతకం. కూరలు మురిగిపోయిన ఫ్రిజ్ తలుపు తీసినట్టు ఒక్కొక్క ఉత్తరం తీశాను. వీళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. మా ఇల్లు కాలిపోతే కట్టి ఇచ్చే మనుషులే. అందుకే ఇంకా వెగటుగా ఉంది.

ఆ యాభై ఒక్క మందిలో నిజం రాసినవాడు ఒక్కడూ లేడు. రాయడానికి వాళ్లకి తెలీదు. నాకు తెలుసు.

సైరన్ మోగించే గది మైదానం పక్కన నిచ్చెన ఎక్కి వెళ్లే ఎత్తులో ఉంటుంది. రెండు ఊళ్ల నుంచీ చెరొక మనిషి గడియారాలు పట్టుకుని అందులో కూర్చుంటారు. ఆ రోజు మా ఊరి తరఫున కూర్చున్నది మా నాన్న లెస్. నాకు పద్నాలుగేళ్లు. టీ పట్టుకెళ్లాను. గెలుపు ఖాయమనుకుని డెల్బీ మనిషి అర నిమిషం ముందే నిచ్చెన దిగి తనవాళ్లని కావలించుకోడానికి పోయాడు. బటన్ మీద నాన్న బొటనవేలు ఉంది. ముల్లు గీత దాటింది.

“నాన్నా, టైమైపోయింది.”

“నోరు మూసుకుని కప్పు పట్టుకో.”

బంతి మా వాళ్లవైపు వస్తోంది. నేను ముల్లునే చూస్తున్నాను. ఇరవై రెండు సెకన్లు. కెల్విన్ చేతుల్లో బంతి పడ్డాక నాన్న బటన్ నొక్కాడు. అంటే కెల్విన్ ఓడించిన ఆట ఏదీ లేదు. అప్పటికే ఓడిపోయి ఇరవై రెండు సెకన్లైంది. నాన్న పోయి ఎనిమిదేళ్లు. క్లబ్ గోడ మీద ఆయన ఫొటో ఉంది, కింద ‘నిజాయితీకి మారుపేరు’ అని. ఆయన పోయాకైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆయన తర్వాత ఆ బటన్ మీద వేలు నేను పెట్టుకుని కూర్చున్నాను.

శనివారం పోటీకి ముందు ఒక జ్ఞాపకం మైకులో చదవమని డారిల్ నన్నే అడిగాడు. కుక్క గురించిన ఉత్తరం బావుంటుందన్నాడు. నేను నాది చదివాను. టైమూ, బటనూ, కప్పూ, అన్నీ. ‘కాబట్టి కెల్విన్ టాస్కర్ వల్ల ఈ ఊరు ఏమీ పోగొట్టుకోలేదు. ఈ ఊరే అతనికి ముప్పై ఎనిమిదేళ్ల క్షమాపణ బాకీ ఉంది’ అని ముగించాను. చదువుతుంటే బాగా రాశానని కొంచెం గర్వం కలిగింది. ఆ గర్వాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ముందుగా కసాయి కొట్టు బ్రూస్ గొంతు వినబడింది.

“ఒరే టాస్కర్, ఇరవై రెండు సెకన్లు అప్పిచ్చినా కొట్టలేకపోయావట్రా నువ్వు!”

నవ్వు మైదానం చుట్టూ తిరిగొచ్చింది.

“లెస్ ముసలోడు క్లబ్ కోసం ఆత్మనే అమ్ముకుంటే, దాన్ని తీసుకెళ్లి మరుగుదొడ్డికేసి కొట్టావు కదరా!”

“లెస్ కోసం హారన్ కొట్టండర్రా!”

కార్లన్నీ మోగాయి. దొంగతనం చేసిన మా నాన్నకి అంత గౌరవం ఆయన బతికుండగా ఎన్నడూ దక్కలేదు. డారిల్ కళ్లు తడిశాయి. “ఇన్నాళ్లూ ఎందుకు దాచావే? మామయ్య ఎంత గొప్పవాడు” అన్నాడు.

కెల్విన్ నవ్వలేదు. ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి. ఎవరూ గమనించలేదు. టిల్లీని పిలిచారు. ఆ పిల్ల తాత మొహం చూసింది, నా మొహం చూసింది, ఎవరి మొహంలోనూ ఏమీ దొరక్క బంతి తన్నింది. గోడకి తగిలింది. “రక్తంలోనే ఉందిరా!” అని బ్రూస్ మాంసం ట్రే పిల్ల చేతుల్లో పెట్టాడు. దానికంటే బరువుగా ఉన్న ఆ ట్రేని ఎక్కడ దించాలో తెలీక అది అలాగే నిలబడింది.

సోమవారం ఇనుప కొట్టుకి వెళ్లాను. మేకులు కావాలన్నాను. ఎన్ని అంగుళాలని అడిగాడు. నాకు తెలీదు.

“నీ మనసు మంచిదే అమ్మాయ్. నాకు తెలుసు. ఇన్నేళ్లూ ఒక్క తప్పుతో సరిపెట్టుకున్నాను. శనివారం దాన్ని రెండు చేశావు.”

“టిల్లీ?”

“బడికి పోనంటోంది. ఆట మానేస్తానంటోంది. ఆట మాత్రం మాననివ్వను. డెల్బీకి మార్పించమని డారిల్‌ని అడిగాను. కుదరదన్నాడు.”

మా ప్రాంతంలో ఒక క్లబ్ నుంచి ఇంకో క్లబ్‌కి పోవాలంటే పాత క్లబ్ కార్యదర్శి ఒప్పుకోవాలి. ఇంట్లో నేను ఆ మాటెత్తితేనే డారిల్ చెంచా కింద పెట్టేశాడు.

“ఇంకే ఊరికైనా పంపిస్తా. డెల్బీకా? వాళ్ల నీలం చొక్కా తొడుక్కుంటుందా టాస్కర్ మనవరాలు? ఎంత నీచం. చరిత్రంటే గౌరవం లేదా?”

మనిషికి నిజంగా వాంతి వచ్చేలా ఉంది. పాపం, గ్లాసుతో మంచినీళ్లిచ్చాను.

ఈ ఒప్పుకోలు కాగితాలన్నీ ఇప్పుడు కంప్యూటర్‌లోనే. క్లబ్ పేరున ఒక పాస్‌వర్డ్ ఉంటుంది. అది డారిల్‌కి ఎన్నడూ గుర్తుండదు, నాకుంటుంది. అతను అంపైర్‌ని తిడుతూ టీవీ చూస్తుంటే నేను పక్క గదిలో కూర్చుని టిల్లీ టాస్కర్ పేరు మీద ‘అంగీకారం’ నొక్కాను. ఈసారి ఆలస్యం చేయలేదు. ఆ వారం వచ్చిన ఉత్తరాల జాబితా డారిల్‌కి మామూలుగానే చదివి వినిపించాను. గడ్డి కోసే యంత్రం బిల్లు, అంపైర్ల టీ ఖర్చు, ఒక మార్పిడి. ఊఁ అన్నాడు.

విషయం తెలిశాక నాలుగు రోజులు మాట్లాడలేదు. వంట మాత్రం తిన్నాడు.

ఆదివారం నేనే కారు నడుపుకుంటూ డెల్బీ వెళ్లాను. పుట్టి బుద్ధెరిగాక ఆ మైదానంలో డెల్బీ వైపు నిలబడడం అదే మొదటిసారి. ఆ చొక్కాల నీలం రంగు దగ్గర్నుంచి చూసినా బాగోదు. కెల్విన్ కంచె దగ్గర ఒక్కడే నిలబడి ఉన్నాడు. పక్కకెళ్లి నిలబడ్డాను. జరిగి చోటిచ్చాడు.

ఆట మొదలైన కాసేపటికి క్యాంటీన్ నుంచి ఒక పెద్దావిడ మాంసం కూరి కాల్చిన వేడి రొట్టె తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“నువ్వు టాస్కర్‌వి కదూ? మాకు ఎనభై నాలుగు కప్పు ఇచ్చింది నువ్వే కదయ్యా. ఈ ఊళ్లో నీకు జన్మలో ఏదీ కొనుక్కునే పని లేదు. రా, మావాళ్లందరికీ చూపిస్తా, ఫొటో తీసుకుంటారు.”

ఆవిడ మొహంలో నిజమైన ప్రేమ ఉంది. మా ఊళ్లో చూసిన ప్రేమే, రంగు మారింది, అంతే.

కెల్విన్ జేబులోంచి నోటు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

“అమ్మా, నేను ఆ కిక్ గురించి రాలేదు. నా మనవరాలు ఆడుతోంది. చూసుకోనివ్వు.”

ఆవిడ నోటు వైపు, అతని వైపు చూసింది. చిల్లర లెక్కపెట్టి ఇచ్చి వెళ్లిపోయింది.

మైదానంలో టిల్లీకి బంతి దొరికింది. డెల్బీవాళ్లకి ఆ పిల్ల ఎవరో తెలీదు. వీపు మీద అంకె చూసి అరిచారు.

“తన్నవే పద్దెనిమిదీ, తన్ను!”