చామంతి పడని పెళ్ళికొడుకు

సుబ్బాయమ్మగారికి పెళ్ళిపూల విషయంలో గట్టి పట్టింపు ఉంది. వైశాఖంలో పెళ్ళయితే మల్లెలు, శ్రావణంలో అయితే జాజులు, మాఘంలో అయితే చామంతులు. ఆవిడకి ఇంకో పట్టింపు తుమ్ము. శుభకార్యంలో ఎవరు తుమ్మినా అందర్నీ కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, కాసేపాగి మళ్ళీ మొదలుపెట్టించేవారు. మనవరాలు హైమ పెళ్ళిలో ఈ రెండు పట్టింపులూ ఒకదానికొకటి అడ్డొచ్చాయి.

హైమ వాళ్ళది అత్తిలి దగ్గర పల్లె. భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం చేసే రామభద్రరాజుతో సంబంధం కుదిరింది. నిశ్చితార్థం రోజున అతని మెడలో చామంతి దండ వేశారు. ఉంగరం తొడగబోతుంటే తుమ్మాడు. అందరూ కూర్చుని మంచినీళ్ళు తాగారు. మళ్ళీ ఉంగరం తీశారు, మళ్ళీ తుమ్మాడు. ఆఖరికి దండ తీసి పక్కన పెడితేగానీ ఉంగరం వేలికెక్కలేదు.

"అబ్బాయిగారికి జలుబు చేసినట్టుందండి" అని సర్దిచెప్పారు హైమ నాన్నగారు సత్యనారాయణరాజు. హైమ మాత్రం ఆ దండ వంకే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు భీమవరానికి ఫోన్ చేసింది.

"మీకు చామంతులు పడవాండీ?"

అతను ఒప్పేసుకున్నాడు.

"పూలు పడవని తెలిస్తే మీ మామ్మగారు సంబంధం వద్దంటారేమోనని చెప్పలేదండి. మేత గోడౌన్లో పొద్దస్తమానం కూర్చుంటానా, ఒక్క తుమ్ము రాదండి!"

"మరి ఏ పూలయితే పడతాయండి?"

"ఎప్పుడూ చూసుకోలేదండి."

అయితే చూద్దామంది హైమ. చీరల వంక పెట్టి, పెళ్ళయిన అక్క ప్రణతిని తోడు తీసుకుని కడియపులంక పూల మార్కెట్టుకి వెళ్ళింది. రామభద్రరాజు అప్పటికే వచ్చి, గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని దూరంగా నిలబడ్డాడు. పూలమ్మే మనిషి పాపాయి గంపల ముందు పరీక్ష మొదలైంది. హైమ ఒక్కో పువ్వూ ముక్కు దగ్గర పెడుతుంటే అతను కళ్ళు మూసుకుని గాలి పీల్చాడు. చామంతికి తుమ్ము. బంతికి ఇంకా పెద్ద తుమ్ము. గులాబీకి ఏమీ కాలేదు. లిల్లీ దగ్గర నోరు తెరిచాడు. అక్కాచెల్లెళ్ళు ఊపిరి బిగబట్టారు. ఆవులింత వచ్చింది.

చుట్టూ జనం చేరారు. "పెళ్ళికొడుకుని పరీక్ష చేసి తీసుకోడం ఇదే చూట్టవండి!" అంది పాపాయి. "బాబుగారండీ, కనకాంబరం కూడా చూసెయ్యండి."

అతను అదీ వాసన చూశాడు. ఏమీ కాకపోయేసరికి జనం చప్పట్లు కొట్టారు. ఎర్రబడ్డ ముక్కుతో అతను కూడా నవ్వేశాడు. నలుగురిలో నవ్వులపాలైనా మొహం మాడ్చుకోని ఆ మనిషి హైమకి బాగా నచ్చాడు.

ఇంటికొచ్చి, దండలు గులాబీలతో, లిల్లీలతో కట్టిద్దామంది.

"మాఘంలో చామంతి లేకుండా పెళ్ళేంటమ్మా!" అన్నారు సుబ్బాయమ్మగారు. "ఏ శ్రావణంలోనో ఆగిపోయిన పెళ్ళి ఇప్పుడు చేస్తున్నారనుకుంటారు జనం."

హైమ అసలు సంగతి చెప్పలేకపోయింది. బతిమాలగా బతిమాలగా దండలు హైమ ఇష్టానికి, పందిరి మామ్మగారి ఇష్టానికి వదిలేలా ఒప్పందం కుదిరింది.

పెళ్ళినాడు పందిరంతా పచ్చటి చామంతులు. జీలకర్ర బెల్లం వేళ దగ్గరపడింది. వధూవరుల మధ్య తెర పట్టారు. వీడియో లైట్ల వేడికి పెళ్ళికొడుక్కి చెమటలు పడుతున్నాయని ఎవరో జాలిపడి పెద్ద ఫ్యాను అతనివైపు తిప్పారు. పందిట్లో చామంతుల గాలంతా వచ్చి అతని ముక్కుకి కొట్టింది. తెర ఇవతల ఉన్న హైమకి అతను ఊపిరి లోపలికి లాక్కోవడం వినిపించింది.

జీవితమంతా తుమ్ములు కనిపెట్టిన మనిషి సుబ్బాయమ్మగారు. అతని ముక్కు అదరడం అతనికన్నా ముందే చూశారు. దిగ్గున లేచారు.

"వీరాస్వామీ, గట్టిమేళం!"

"ఇంకా ముహూర్తం కాలేదండి అమ్మగారూ!" అన్నారు పంతులుగారు.

"వాయించమంటుంటే!"

వీరాస్వామి సన్నాయి అందుకున్నాడు. డోళ్ళు మోగాయి. ఆ మోతలో తుమ్ము కలిసిపోయింది. మేళం ఆగింది. మళ్ళీ ముక్కు అదిరింది, మళ్ళీ ఆవిడ చెయ్యెత్తారు. అలా ఎన్నిసార్లు జరిగిందోగానీ, అసలు ముహూర్తం వచ్చేసరికి వీరాస్వామికి ఊపిరి మిగల్లేదు. డోళ్ళతోనే పని కానిచ్చారు. ఇంత మేళం పెట్టించారంటే బాగా ఉన్నవాళ్ళేనని మగపెళ్ళివారు చెప్పుకున్నారు.

తరవాత కాళ్ళకి దణ్ణం పెట్టినప్పుడు హైమ మెల్లగా అడిగింది.

"మామ్మగారండీ, మరి ఆ తుమ్ములు..."

"ఎవరు తుమ్మారమ్మా? నాకేం వినపడలేదు. వినపడితేనేగా పట్టింపు!" అని, ఆవిడ గొంతు తగ్గించారు. "పూలు పడవని ముందే చెప్పలేకపోయావా? అరటి గెలలూ మామిడాకులూ కట్టించేదాన్ని కదా, పిచ్చిపిల్లా!"

హైమకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అప్పగింతలయ్యాయి. వీధిలోకొస్తే, స్నేహితులు ముచ్చటపడి కారునంతా బంతిపూలతో కప్పేశారు. రామభద్రరాజు దాన్ని చూసి వెనక్కి నడిచి, సారె సామాను వేసిన వ్యాను ఎక్కేశాడు. హైమ కూడా వెళ్ళి సున్నుండల డబ్బాల మధ్య అతని పక్కన సర్దుకుంది.

"పూలకారు ఖాళీగా వెళ్తే బాగోదు" అని సుబ్బాయమ్మగారు ముందు కారులో ఒక్కరే కూర్చున్నారు. దారిలో ఊరూరా ఆడవాళ్ళు పెళ్ళికూతుర్ని చూద్దామని కారు దగ్గరికొచ్చి, లోపలికి తొంగిచూసి తెల్లబోయారు. మొదట్లో ఆవిడ సిగ్గుపడి చీరచెంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. భీమవరం పొలిమేరకి వచ్చేసరికి మాత్రం అద్దం దించి, అందరికీ నిండుగా నమస్కారాలు పెడుతున్నారు.